పిల్లను క్యాంపునకు పంపవచ్చునా?

రెడ్డిగూడెము చెంతనున్న పల్లెనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కుమార్తె డిగ్రీ రెండవ యేడు చదువుచున్నది. సంక్రాంతి వెళ్లిన పిమ్మట కాలేజీవారు జాతీయ సేవా పథకము క్రింద ఒక గ్రామములో ఏడు దినముల క్యాంపు పెట్టుదురట. పిల్ల పోయెదనని పట్టుపట్టినది. తండ్రి ఔననడు, కాదనడు. నాయనమ్మ మాత్రము "ఇంట చీపురు ముట్టని పిల్ల పొరుగూరి వీధులూడ్చుటకు పోవునా? నలుగురును ఏమనుకొందురు?" అని మూడు దినములనుండి సరిగా భోజనము చేయుట లేదట. "ఇంతకును ఈ క్యాంపువలన పిల్లకు వచ్చునదేమి? మార్కులా, ఉద్యోగమా? పంపుమందురా, వలదందురా?" అని సోదరి ప్రశ్న.

అడిగినది యొక్కరే యైనను సమాధానము పెక్కుమంది తల్లులకు పనికివచ్చునని తోచి ఈ మాసము మా పుటలను దీనికే యుంచితిమి. మా తీర్పు ముందే చెప్పుచున్నాము. పంపవలసినదే. కాని కన్నులు మూసికొని పంపవలదు.

ముందుగా ఈ పథకము సంగతి. పిల్ల తన యోణీకి తగిలించుకొను బిళ్లను ఎన్నడైన చేతిలోనికి తీసికొని చూచితివా, సోదరీ? ఎరుపు, ముదురు నీలము రంగులలో దానిపై నుండు చక్రము కోణార్క సూర్యదేవాలయములోని రథచక్రమునకు నమూనా. అందలి ఎనిమిది ఆకులు దినమునకు గల ఎనిమిది జాములకు గుర్తులు. ఏ జామున పిలుపు వచ్చినను సిద్ధముగ నుండవలెనని భావము. గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24వ తేదీన నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు దీనిని 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభించిరి. "నేను కాదు, మీరు" అనునది దీని సూత్రవాక్యము. సంఘసేవ ద్వారమున విద్యార్థి వ్యక్తిత్వమును వికసింపజేయుట దీని ఉద్దేశము. ఊరిని బాగుచేయుట రెండవ మాట, పిల్లను బాగుచేయుట మొదటి మాట యని మేము దీనిని అర్థము చేసికొంటిమి. ఈ వరుస తెలిసినచో నాయనమ్మగారి సందేహములలో సగము తీరును.

ఈ యాలోచన ఒక్కనాడు పుట్టినది కాదు. పూర్వము మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షత వహించి, విద్యార్థులు ఇచ్ఛాపూర్వకముగ దేశసేవ చేయుట మంచిదని సూచించిరి. 1959లో చింతామణి దేశముఖ్ గారి అధ్యక్షతన వేరొక సంఘమేర్పడినది. హైస్కూలు చదువు ముగించిన ప్రతి విద్యార్థియు తొమ్మిది మాసములు మొదలు సంవత్సరము వరకు తప్పనిసరిగ సేవ చేసి తీరవలెనని వారు చెప్పిరి. అందులకగు వ్యయమునకు జంకి ప్రభుత్వము వెనుదీసెను. మంచిదే యైనది. నిర్బంధించి చేయించినది వెట్టియగును గాని సేవ యెట్లగును?

ఈ దేశముఖ్ గారెవరో మన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1953లో మన దుర్గాబాయిగారిని పెండ్లాడిన వారే. వారి సంఘము పుట్టుటకు ముప్పదియారేండ్ల ముందే ఆ యింటి ఇల్లాలు స్వయంసేవకత్వ మనిన నేమో చేసి చూపినది. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమెకు పదునాలుగేండ్లు. ఖద్దరు ప్రదర్శనశాల వాకిట నిలిచి, టిక్కెట్టు లేనివారిని లోనికి విడువకుండుట ఆమెకు అప్పగించిన పని. జవహర్లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేక వచ్చిరి. ఆమె ఆపినది. చుట్టునున్నవారు గాబరాపడి టిక్కెట్టు కొని తెచ్చి యిచ్చిన తరువాతనే విడిచినది. నెహ్రూగారు కోపింపక మెచ్చుకొనిరట. ఆ బాలిక పిమ్మట 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను నెలకొల్పినది, రాజ్యాంగసభలో కూర్చున్నది. అవి పెద్ద సంగతులు. మాకు ఎప్పుడును కన్నులకు గట్టునది వాకిట నిలిచిన ఆ పదునాలుగేండ్ల పిల్లయే. ఆనాడు "నలుగురిలో నిలుచుట ఆడుపిల్ల కేల?" అని ఆమె తల్లి యని యుండినచో?

ఇక ఇప్పటి ఏర్పాటు చెప్పెదము. ఒక దళమునకు సాధారణముగ నూరుగురు విద్యార్థులు, వారిపై ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో కార్యనిర్వాహకులు. ఏటికి 120 గంటలు, రెండేండ్లకు 240 గంటలు పని చేయవలెను. దానికి తోడు దత్తత తీసికొనిన గ్రామములో ఏడు దినములు రేయింబవళ్లు నివసించి చేయు ప్రత్యేక శిబిరము ఒకటి. రెండును పూర్తిచేసిన వారికి సర్టిఫికెట్టు లభించును. ఆ కాగితము విలువ మేము కాదనము గాని, దానికొరకే పోవు పిల్లకు కాగితమే వచ్చును.

రెండేండ్ల క్రిందట మాఘమాసమున రెడ్డిగూడెము మండలములోని యొక పల్లెలో ఇట్టి శిబిరమును చూచుటకు పోయి రెండు దినములుంటిమి. పూర్వపు కృష్ణా జిల్లాలో మెట్టసీమ యది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. డెల్టావలె కాలువనీటి పొలములు కావు. ఎక్కడ చూచినను మామిడితోటలు. మేము పోయిన దినములలో పూత విరియబూచి గాలియంతయు తేనెవాసన. మంచు పడునో, పూత రాలునో యని రైతుల దిగులు. ఆ దిగులు నడుమ ఏబదిమంది కాలేజీ పిల్లలు పాఠశాలలో దిగిరి.

మొదటి దినము కుటుంబముల వివరములు సేకరించు పని. ఒక పిల్ల, పేరు చెప్పము, పట్టణములో పెరిగినది, చేత కాగితముల కట్టతో ఒక గుమ్మము ముందు నిలిచి "మీ ఇంట ఎంతమంది? మరుగుదొడ్డి ఉన్నదా? వాడుచున్నారా?" అని వరుసగ అడిగినది. లోపలినుండి ముసలమ్మ "ఉంటే నువ్వొచ్చి కడుగుతావుటే?" అని తలుపు వేసికొనెను. పిల్ల ఏడ్చుచు వచ్చినది. రాత్రి దీపముల వెలుగున అందరును గుండ్రముగ కూర్చుండి ఆనాటి పని చెప్పుకొనునప్పుడు, అధ్యాపకురాలు ఆమెను ఓదార్పలేదు. "మీ గుమ్మములో ఎవరో తెలియని పిల్ల నిలిచి మీ అమ్మను ఈ మాటే యడిగినచో మీ అమ్మ యేమనును?" అని మాత్రమడిగెను. పిల్ల చాలసేపు మాటాడలేదు.

మరునాడు మేమును వెనుక పోతిమి. ముసలమ్మ అరుగుమీద చేటతో కందులు చెరుగుచున్నది. పిల్ల కాగితములు ప్రక్కనుంచి, చెంత కూర్చుండి రాళ్లేరసాగినది. ఒక చేట అగునప్పటికి అడుగకయే ముసలమ్మ అన్నియు చెప్పెను. కొడుకు హైదరాబాదులో తాపీపని చేయును, కోడలు తోటలకు కూలికి పోవును. తనకు రెండు నెలలనుండి పింఛను అందుట లేదు. పొలము పనులలో అరిగిపోయిన ఆ వ్రేళ్లకు యంత్రముపై ముద్ర పడుట లేదు! చేట క్రిందబెట్టి వ్రేళ్లు చూపెను. ఆ వ్రేళ్లను పిల్ల తన చేతిలోనికి తీసికొని చూచినది. సాయంకాలము ఇద్దరు విద్యార్థులు ఆమెను గ్రామ సచివాలయమునకు నడిపించుకొనిపోయి అర్జీ వ్రాసి యిచ్చి రసీదు పుచ్చుకొనిరి.

"వ్యక్తిత్వ వికాసము" పేరిట విజయవాడ గోడలనిండ ప్రకటనలు చూచుచుందుము. సభలో నిలిచి తడబడక మాటాడుట నేర్పుదురట. రుసుము వేలలో నుండును. మాటాడుట నేర్పువారు కలరు గాని ఎదుటివారి చేత మాటాడించుట నేర్పువారేరి? ఆ పిల్ల దానిని ఒక రాత్రి, ఒక చేట కందులతో నేర్చుకొనినది.

మగపిల్లల సంగతి చెప్పవలెను. ఈ తల్లులందరికిని అదియే ముఖ్యమని మా యెన్నిక. శిబిరములో వంట వంతులవారీగ నుండును. మేము పోయిన ఉదయము మగపిల్లల వంతు. ఏబదిమందికి ఉప్మా. నీరు చాలక అడుగంటినది. ఇంట మంచినీళ్ల గ్లాసైనను తానై ముంచుకొనని వాడొకడు ఆ గుండిగను బోరింగు చెంత పెట్టుకొని బూడిదతో గంటన్నర తోమెను. చేయి నొచ్చి మధ్య రెండుసార్లు లేచి నిలువబడెను. అట్టివాడు మరల కూర మాడినదని తల్లిని కసరునని మేమనుకొనము. అయితే ఇంటికి వచ్చిన మొదటి రాత్రి వాడు తన కంచము తాను కడుగబోవగా "ఛీ, మగపిల్లవాడవు, అక్కడ పెట్టు!" అని లాగికొను తల్లులను మేమెరుగుదుము. ఏడు దినములు కాలేజీవారు నేర్పినదానిని ఏడు నిమేషములలో మరపించుట మన చేతిలోని పనియే.

ఇంకొక మాట. సోదరి జాబులో ఈ మాట లేదు గాని, పెక్కు ఇండ్లలో విన్నవారము గనుక మేమే యెత్తుచున్నాము. "పొరుగూరి వీధులూడ్చుట" అను నాయనమ్మగారి యభ్యంతరము వెనుక, పిల్ల ఎవరెవరితో కలిసి కూర్చుండి తినును, ఎవరి వాడలోనికి పోవును, ఎవరి యింట నీరు త్రాగును అను బెదురు కొంత లేదా? ఉన్నదని ఒప్పుకొనుటయే మేలు. శిబిరములో బంతి యొక్కటే. దళితవాడకును, లంబాడీల తండాకును పిల్లలు పోవుదురు. అక్కడ ఇచ్చిన మంచినీరు త్రాగుదురు, టీ త్రాగుదురు. దాపరికమేల? మేము పంపుడని చెప్పుటకు గల కారణములలో ఇది పెద్దది. మన యిండ్లలో కూలి చేయువారికి నేటికిని వేరు గ్లాసు గోడమీద బోర్లించియుండుట మేము కన్నులార చూచితిమి. పుస్తకములు చదివి దానిని తప్పని తెలిసికొనిన పిల్ల పరీక్షలో వ్రాయును. తండాలో కూర్చుండి టీ త్రాగి వచ్చిన పిల్ల ఆ గ్లాసును తీసి లోపల పెట్టును. అంతలో యింట తగవు వచ్చును. రానిండు.

శిబిరములన్నియు ఇట్లుండునని చెప్పిన అసత్యమగును. వేరొక సంవత్సరము వేరొకచోట మేము చూచిన శిబిరములో, అంతకుముందు దినమే పంచాయతీవారు ఊడ్పించిన వీధిని పిల్లలు క్రొత్త చీపుళ్లతో మరల ఊడ్చిరి. ముందొక గుడ్డబానరు, ఎదుట ఫోటోలు తీయువాడు. ఫోటోలు ముగియగనే చీపుళ్లును ముగిసినవి. మరియొకచోట మాఘమాసములో, రాతినేలలో, రెండువందల మొక్కలు నాటిరి. మెట్టనేలలో వానకాలపు మొదటి పదనున నాటిన మొక్కయే ఎండకాలము దాటుట కష్టము. మాఘమున నాటినదానికి కడవలతో నీరెవరు మోయుదురు? గట్టున నిలిచి చూచుచున్న మామిడిరైతు ఒకడు "ఇది చెట్లకి కాదమ్మా, లెక్కకి" అని నవ్వెను. ఆ ఫలితమును ముందుగ అతనినే యడిగియుండినచో రెండువందల మొక్కలు దక్కియుండును. పల్లెవారికి నేర్పుటకు పోవుచున్నామను అహంకారము ఈ సేవకు పట్టు చీడ.

అహంకారము పోయిన పిదప ఈ శిక్షణ ఎక్కడ పనికివచ్చునో 2024లో చూచితిమి. మైలవరము వైపు కొండలలో కురిసిన వాననీటిని మోసికొనివచ్చు బుడమేరు ఆ యేట సెప్టెంబరు 1వ తేదీన పొంగి, గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినది. జనము దినములకొలది మేడలపై చిక్కుకొనిరి. మా బంధువుల యింటికి నడుములోతు నీటిలో ఇద్దరు విద్యార్థులు పాలపొట్లములు, నీళ్లసీసాలు మోసికొని వచ్చిరట. అంతకుముందు వచ్చినవారు అందినవారికి విసరి పోయిరి. బలముగలవారికే దక్కెను. ఈ యిద్దరు మాత్రము క్రిందినుండి కేకవేసి మొదట "ఇంట పసిపిల్లలున్నారా? మంచము పట్టినవారున్నారా? రోజూ మందులు వాడువారున్నారా?" అని యడిగిరట. ఆ మూడు ప్రశ్నలు వరదలో పుట్టినవి కావు. ఎక్కడనో ఒక గుమ్మము ముందు నేర్చుకొనినవియే.

సేవాదళములు జరుపు రక్తదానమును గూర్చియు తల్లులు భయపడుచు వ్రాయుచుందురు. పదునెనిమిదేండ్లు నిండి, నలుబదియైదు కిలోల బరువుండి, రక్తములో హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గక, ఆరోగ్యముగ నున్నవారి వద్దనే రక్తము తీసికొందురు. మగవారు మూడు నెలలకు, ఆడువారు నాలుగు నెలలకు గాని మరల ఈయరాదు. కనుక ఇచ్చుటవలన పిల్ల నీరసించునని భయము వలదు. భయపడవలసినది వేరొకటి కలదు. ఉత్సాహముతో వరుసలో నిలిచిన ఆడుపిల్లలలో పలువురిని "నీకే రక్తము చాలదమ్మా" అని వైద్యులు త్రిప్పి పంపుచుందురు. మన రాష్ట్రములో వయసు స్త్రీలలో సగమునకు మించి రక్తహీనత కలదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. అట్లు తిరిగివచ్చిన పిల్లను చిన్నబుచ్చక, వైద్యునికి చూపుము. తోటకూర, మునగాకు, వేరుశెనగ, రాగులు పెట్టుము. నిమ్మకాయ పిండుము. అన్నము తినిన వెంటనే టీ త్రాగనీయకుము. అది ఇనుమును వంటబట్టనీయదు. మనలో చాలమంది పిల్లవానికి గ్రుడ్డు పెట్టి పిల్లకు చారుతో సరిపెట్టుదుము గదా! రక్తదానపు వరుసలో ఆ లెక్క బయటపడును.

కన్నులు మూసికొని పంపవలదంటిమి. కాలేజీకి పోయి అడుగుము, మొగమాటపడకుము. రాత్రులు ఆడుపిల్లలు పండుకొనుట యెక్కడ? వారితో పండుకొను అధ్యాపకురాలెవరు, ఆమె ఫోను నంబరేమి? స్నానపు గదికి లోపలిగడియ యున్నదా? ఇది చిన్నమాట యనుకొనవలదు. ఒక శిబిరములో గడియ లేక పిల్లలు వంతులవారీగ వాకిట కావలి నిలిచిరి. మూడవనాటికి సగముమంది నీరు త్రాగుట మానివేసి జబ్బుపడిరి. నెలసరి దినములలో నున్న పిల్లకు విశ్రాంతి యున్నదా, గుడ్డలు పారవేయుటకు చోటున్నదా? త్రాగునీరెక్కడిది? పొరుగున ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎందరిని పీడించుచున్నదో మనము విన్నదే. ఏ బోరునీరు పడితే అది త్రాగుటకు వీలులేదు. ఈ ప్రశ్నలకు విసుగుకొను కాలేజీ యైనచో పిల్లను ఈ యేటికి ఆపుము. కూర్చుండబెట్టి సమాధానము చెప్పు కాలేజీ యైనచో నిశ్చింతగ పంపుము. నీవు అడుగుటవలన నీ కుమార్తెకే కాదు, అడుగుటకు రాలేని తల్లుల కుమార్తెలకును గడియ పడును.

వెళ్లివచ్చిన తరువాత పిల్ల కొంత మారియుండును. అది సుఖముగ నుండునని మేము మాట యియ్యము. ఎదురు ప్రశ్న వేయును. సచివాలయములో పని యున్నచో నాన్న రాకయే తాను పోయి వచ్చెదననును. తమ్ముని కంచము నేనేల తీయవలెనని యడుగును. అప్పుడు మాకు కోపముతో జాబు వ్రాయుము. చదివెదము.

నాయనమ్మగారికి మా నమస్కారములు చెప్పుము. ఆమె అలుకకు మాకొక ఉపాయము తోచుచున్నది. నిరుటి ఆవకాయ ఇంకను జాడీలో నుండునుగదా. క్యాంపులో ఏబదిమంది పిల్లలకు, మాడిన ఉప్మాలోనికి నంచుకొనుటకు ఏమియు లేదని చెప్పి, ఒక పెద్ద సీసాకు ఆమె చేతనే తీయించి మూత గట్టిగ బిగింపుము. దుప్పటి ఒకటి యెక్కువ సర్దుము. ఆ దినములలో మెట్టసీమ తెల్లవారుజామున చలి గట్టిది.